కుంజుమ్ దారిలో కొలువు

మనాలి నుంచి స్పితి లోయకు వెళ్లే ఫోర్ బై ఫోర్ దారి.. అక్కడ బండి నడిపేవాళ్ల పని, కష్టం, సంపాదన

మధ్యాహ్నం రెండున్నర. ఛత్రు దాటి గంటకు పైనే అయింది. ఎదురుగా రోడ్డు లేదు, నీళ్లున్నాయి. పై నుంచి మంచు కరిగి దూకుతున్న వాగు, దారిని అడ్డంగా కోసుకుని కింద చంద్రా నదిలో పడుతోంది. హిమాచల్‌లో దీన్ని నాలా అంటారు. మధ్యలో ఒక చిన్న కారు ఇరుక్కుపోయి ఉంది. వెనక సీట్లోంచి ఒకాయన పాపను భుజాన వేసుకుని కిటికీలోంచి దిగుతున్నాడు.

మా కాన్వాయ్‌లో నాలుగు బళ్లు. నేనున్నది మొదటి దాంట్లో. నడుపుతున్న కుర్రాడిది సూర్యాపేట. 27 ఏళ్లు. ఇంజిన్ ఆపలేదు, హ్యాండ్ బ్రేక్ వేసి దిగాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, కర్ర పట్టుకుని నీళ్లలోకి నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో నీళ్లు తొడ దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి వచ్చేశాడు. ముందు తాడు తగిలించి ఆ చిన్న కారును బయటికి లాగాడు. ఆ తర్వాత మైక్‌లో మిగతా బళ్లకు ఒకే మాట చెప్పాడు: ‘రివర్స్ తీసుకోండి. ఛత్రు పోతున్నం. పొద్దున ఐదింటికి మళ్లొద్దాం.’

గొడవ అక్కడ మొదలైంది.

నిరుడు జులై మొదటి వారంలో ఈ దారి చూడటానికి వెళ్లాను. ‘సార్, అడ్వెంచర్ టూరిజంలో ఉద్యోగాలుంటాయా? నాకు డ్రైవింగ్ అంటే పిచ్చి’ అని ఈ పేజీకి తరచూ ఉత్తరాలు, మెయిళ్లు వస్తుంటాయి. రీల్స్‌లో మంచు కొండల మధ్య జీపు దూసుకుపోతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కూర్చుని రాసే కంటే ఆ బండిలో ఎక్కి చూడటం మేలనిపించింది.

దారి ఎలాంటిది?

మనాలి సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటితే లాహౌల్ లోయ. 2020 అక్టోబరు 3న ఈ సొరంగం మొదలైంది. అంతకు ముందు లాహౌల్ వెళ్లాలంటే 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. సొరంగంలోంచి బయటపడ్డాక బళ్లలో చాలా మటుకు ఎడమకు, కీలాంగ్, లేహ్ వైపు తిరుగుతాయి. మనం కుడికి తిరిగి కోక్సర్ మీదుగా గ్రాంఫూ చేరాలి. రోహ్‌తాంగ్ అడుగున ఉన్న ఈ మలుపు దగ్గరే స్పితి దారి విడిపోతుంది. తారు రోడ్డు సుఖం కూడా దాదాపు అక్కడితో సరి.

గ్రాంఫూ నుంచి బాతల్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అయితే ఔటర్ మీద అరగంట పని. ఇక్కడ నాలుగు గంటలకు చేరితే అదృష్టవంతులు. పేరుకు జాతీయ రహదారే, నంబరు 505. చాలా చోట్ల మాత్రం గుండ్రాళ్లు, కంకర, బురద, వాగులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క చంద్రా నది. ఒక బండి పట్టే వెడల్పే ఉన్న చోట్లు బోలెడు. విస్తరణ పనులు కొన్ని చోట్ల నడుస్తున్నాయి కాబట్టి ఏటా దారి కొంచెం కొంచెం మారుతుంటుంది. గ్రాంఫూ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. కాజా దాకా దారిలో పెట్రోలు బంకునూ నమ్ముకోకూడదు. మనాలిలోనే ట్యాంకు నిండా పోయించుకోవాలి.

బాతల్‌లో ఓ వంతెన, రాళ్ల గోడల ధాబాలు ఉంటాయి. అది దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి 14 కిలోమీటర్లు పోయి చంద్రతాల్ సరస్సు దగ్గర ఆగుతుంది. రెండోది మెలికలు తిరుగుతూ 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ ఎక్కుతుంది. కుంజుమ్ పైన అమ్మవారి గుడి ఉంది. ఈ దారిన పోయే డ్రైవర్లు ఆ గుడి చుట్టూ ఒక చుట్టు తిరిగి గానీ ముందుకు పోరు. ఆవల దిగితే స్పితి. మొదటి ఊరు లోసర్. అక్కడి నుంచి కాజాకు ఇంకో 57 కిలోమీటర్ల పైచిలుకు. శీతాకాలమంతా కుంజుమ్ మంచు కింద ఉంటుంది. జూన్‌లో తెరిస్తే అక్టోబరులో మూసుకుపోతుంది. అంటే ఈ దారి మీద బతికేవాళ్లకు ఏడాదంటే ఆ నాలుగైదు నెలలే.

మధ్యాహ్నం నీళ్లు ఎందుకు పెరుగుతాయి?

మా సూర్యాపేట కుర్రాడు (కాన్వాయ్ లీడర్ అని పిలుద్దాం) రాత్రే అందరికీ చెప్పాడు, ఉదయం ఐదున్నరకు బయల్దేరాలని. రెండో బండివాళ్లు తొమ్మిదింటికి లేచారు. మనాలి వదిలేసరికి తొమ్మిదిన్నర. నాలా దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. ఆ నాలుగు గంటల ఆలస్యం విలువ ఏమిటో ఆ నీళ్లే చెప్పాయి.

ఈ వాగులకు నీళ్లు వాన నుంచి వచ్చేవి కావు, పైనున్న హిమానీ నదాల నుంచి వచ్చేవి. రాత్రి చలికి మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున నీరు తక్కువ. ఎండ ఎక్కేకొద్దీ కరుగుతుంది. కరిగిన నీరు కిందికి చేరడానికి ఇంకొన్ని గంటలు. అందుకే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉరవడి ఎక్కువ. పొద్దున చక్రం సగం మునిగే వాగు సాయంత్రానికి బానెట్ దాకా రావచ్చు. నీళ్లు బురద రంగులో ఉండటంతో అడుగున రాయి ఉందో గొయ్యి ఉందో తెలియదు. పైగా ఉరవడికి రాళ్లు కదులుతుంటాయి. పొద్దున దాటిన చోటు సాయంత్రం అక్కడ ఉండదు.

రెండో బండి యజమాని హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి. లక్షలు పోసి కొన్న కొత్త థార్. ‘బాస్, నా బండి 650 ఎంఎం నీళ్లలో పోతుందని కంపెనీయే చెప్తోంది. ఇక్కడ అంతే ఉన్నాయి కదా. దీనికేనా నీకు డబ్బులిచ్చింది? రాత్రికి చంద్రతాల్‌లో టెంట్లు బుక్ చేశాం. మళ్లీ సోమవారం నాకు ఆఫీసుంది’ అని గట్టిగానే అరిచాడు. మిగిలిన సొమ్ము ఇవ్వనన్నాడు. రివ్యూ రాస్తానన్నాడు.

లీడర్ అరవలేదు. ‘అన్నా, 650 నిలకడ నీళ్ల లెక్క. ఉరికే నీళ్లది వేరే లెక్క. బండిని పక్కకు తోస్తది. తోసినంక కింద నది ఉంది. మీరు పోతానంటే ఆపలేను. కానీ మీ వెనక నేను రాను, వీళ్లని రానియ్యను’ అన్నాడు. అని, తన బండి తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

నాకు అప్పుడు అంతగా అర్థం కాలేదు గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ రోజు అతను పెట్టుబడి పెట్టింది తన జీతాన్నే. ట్రిప్ డబ్బులు పూర్తిగా వస్తేనే నిర్వాహకులు అతనికి ఇస్తారు. రోజుకు రెండున్నర వేలు, తిండి, బస. సీజన్లో 80 రోజులు పని దొరికితే గొప్ప. రివ్యూ దెబ్బతింటే వచ్చే బ్యాచ్‌కు ఇంకొకరిని పెట్టుకుంటారు. ఇవన్నీ తెలిసే బండి తిప్పాడు.

నాలుగో గేరు కాదు, నాలుగు చక్రాలు

ఆ రాత్రి ఛత్రులో ఒక ధాబా టెంట్లో పడుకున్నాం. రాజ్మా, అన్నం. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు వంద డిగ్రీలకు చాలా ముందే మరిగిపోతాయి కాబట్టి ఇక్కడ కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. మాతో పాటు ఇంకో కుర్రాడున్నాడు. భీమవరం. మెకానికల్ బీటెక్. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వచ్చి ఎనిమిది నెలలైంది, జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. మన పాఠకుల్లో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఖాళీగా ఉండలేక, ఈ ట్రిప్‌కు జీతం లేకుండా హెల్పర్‌గా వచ్చాడు. బాగా చేస్తే సీజన్ మొత్తానికి తీసుకుంటామన్నారట.

‘ఫోర్ బై ఫోర్ నడిపావా?’ అని ఫోన్లో అడిగితే నడిపానని చెప్పాడట. నిజానికి యూట్యూబ్‌లో చూశాడంతే. ఈ సంగతి నాలా దగ్గర బయటపడింది. చిన్న కారును లాగేటప్పుడు లీడర్ అతన్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ‘లో లో పెట్టు’ అన్నాడు. కుర్రాడు ఫోర్ హెచ్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి కంకర ఎగిరింది. బండి కదల్లేదు.

తిట్లు పడతాయనుకున్నాను. లీడర్ ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక టార్చ్ వేసుకుని ఇద్దరూ బండి కింద దూరారు. నేనూ వంగి చూశాను.

ఆ పాఠం మీకూ పనికొస్తుంది. మామూలుగా బండి రెండు చక్రాల మీద నడుస్తుంది. ఫోర్ హెచ్‌లో పెడితే నాలుగింటికీ ఇంజిన్ శక్తి అందుతుంది. వేగం అదే, పట్టు పెరుగుతుంది. కంకర, తేలికపాటి బురద, మంచు మీద ఇది చాలు. ఫోర్ ఎల్ వేరు. ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టెలో ఇంకో జత పళ్లచక్రాలు కలుస్తాయి. వేగం సగం కంటే తగ్గి, చక్రం దగ్గర తిప్పే బలం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడు, వాగు, పెద్ద రాళ్లు, తాడుతో లాగడం.. వీటికి ఇదే. ఫోర్ ఎల్‌లోకి మార్చాలంటే బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. వాగు మధ్యలో గుర్తొస్తే లాభం లేదు. ఇంకోటి, థార్, జిమ్నీ లాంటి బళ్లలో ఫోర్ హెచ్‌ను పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. ఆ తేడాను సర్దుకునే ఏర్పాటు మధ్యలో ఉండదు కాబట్టి గేర్లు బిగుసుకుపోయి దెబ్బతింటాయి.

‘నువ్వు నడపనేర్చినవ్, బండి నేర్వలేదు’ అన్నాడు లీడర్, కిందనుంచే. అతను చదివింది ఐటీఐ డీజిల్ మెకానిక్. ఇంటర్ తప్పాక చేరాడట. తర్వాత హైదరాబాద్‌లో ఓ షెడ్డులో నాలుగేళ్లు. ఇప్పటికీ చలికాలంలో అదే షెడ్డుకు వెళ్లి పని చేసుకుంటాడు. కొండల్లో నెలకు ఒకసారైనా లీఫ్ స్ప్రింగో, క్లచ్ ప్లేటో పోతుంది. పదిమందిలో అది విప్పి బిగించగలిగినవాడికే ఇక్కడ విలువ. స్టీరింగ్ తిప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు.

రాత్రి పదింటికి రెండో బండి యజమానికి తలనొప్పి, వాంతులు. ఛత్రు 3,300 మీటర్ల పైచిలుకు. చంద్రతాల్ ఇంకో వెయ్యి మీటర్లు ఎత్తు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచొద్దని వైద్యులు చెప్తారు. మనాలి నుంచి ఒక్క రోజులో చంద్రతాల్‌లో టెంటు వేయడమంటే ఆ నియమాన్ని నాలుగింతలు మీరడమే. అయినా చాలా ట్రిప్పుల షెడ్యూళ్లు అలాగే ఉంటాయి, సెలవులు తక్కువ కదా! లీడర్ ఆయన వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాడు, గోరువెచ్చటి నీళ్లు తాగించాడు, గంటకోసారి లేచి పలకరించాడు. తలనొప్పి తగ్గకపోతే మందు బిళ్ల వేసి పైకి తీసుకెళ్లడం కాదు, కిందికి దించడమే మందు అని తర్వాత నాకు చెప్పాడు. తెల్లారేసరికి ఆయన తేరుకున్నాడు.

ఐదింటికి అదే వాగు

ఉదయం ఐదూ పదికి నాలా దగ్గర ఉన్నాం. చేతులు కొంకర్లు పోతున్నాయి. నిన్న తొడ దాకా ఉన్న నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. అదే వాగా అని అనుమానం వచ్చింది.

అయినా లీడర్ మళ్లీ నడిచే వెళ్లాడు. ఎక్కడ దిగాలి, ఆవల ఎక్కడ ఎక్కాలి అన్నది చూసుకుని, అటువైపు ఒడ్డున నిలబడి చేతులతో సైగలు చేశాడు. మూడో బండి నడిపిన విజయవాడ అమ్మాయి అందరికంటే శుభ్రంగా దాటింది. ఫోర్ ఎల్, మొదటి గేరు, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేసి ఒకే వేగం. నీళ్లలో గేరు మార్చలేదు, తడబడి ఆగలేదు. ముందు బంపర్ దగ్గర చిన్న అల ఏర్పడి, బండితో పాటే నడిచింది. ఆ అల చెదిరిపోకుండా పోతే సరైన వేగం అన్నట్టు. ఒడ్డెక్కాక రెండు సార్లు బ్రేకు తొక్కి తడి ఆర్పుకుంది. ఒకవేళ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే? మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకూడదు. గాలి గొట్టంలోంచి సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే, ఆ ఒక్క తాళం తిప్పుడుకు ఇంజిన్ లోపలి రాడ్లు వంగిపోతాయి. లక్షల ఖర్చు.

భీమవరం కుర్రాడి పని తాడు చూసుకోవడం. లాగే తాడును బంపర్‌కో, చక్రం దగ్గరి కడ్డీకో తగిలించకూడదని, కంపెనీ ఇచ్చిన కొక్కేనికే తగిలించాలని, తాడు బిగిసి ఉన్నప్పుడు దాని దరిదాపుల్లో మనిషి ఉండకూడదని రాత్రే చెప్పాడు లీడర్. తెగిన తాడు కాలు విరగ్గొడుతుందట. కుర్రాడు అందర్నీ దూరం జరుపుతూ, కొంచెం ఎక్కువగానే అరుస్తూ తిరిగాడు. మంచిదే.

బాతల్ చేరేసరికి తొమ్మిది. టీ, ఆమ్లెట్. అక్కడ మళ్లీ ఒక నిర్ణయం. చంద్రతాల్ వెళ్తే ఆ రాత్రి అక్కడే ఉండాలి, కాజాలో బస పోతుంది. ఆకాశం మబ్బుగా ఉంది. 2023 జులైలో ఇలాగే అనుకోకుండా మంచు పడి దాదాపు 300 మంది పర్యాటకులు చంద్రతాల్ శిబిరాల్లో రోజుల తరబడి చిక్కుకుపోయారు. యంత్రాలతో మంచు తవ్వుకుంటూ వెళ్లి వాళ్లను బయటికి తెచ్చారు. రాత్రి వాంతులైన మనిషిని పైకి తీసుకెళ్లి పడుకోబెట్టనని లీడర్ తేల్చేశాడు. సరస్సు చూడకుండానే కుంజుమ్ ఎక్కాం.

ఆ ఎక్కుడు గురించి ఎంత రాసినా తక్కువే. మలుపు మలుపుకీ కింద బాతల్ వంతెన అగ్గిపుల్లలా చిన్నదవుతూ ఉంటుంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన తీర ప్రాంతంతో పోలిస్తే 60 శాతం కూడా ఉండదు. మనుషులకే కాదు, ఇంజిన్లకూ ఆయాసం. టర్బో లేని పెట్రోలు బండి అయితే మరీ. రెండో గేరులో ఎక్కాల్సిన చోట మొదటి గేరు వేయాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. బ్రేకులు కాలిపోయి, తొక్కినా పట్టవు. ఏ గేరులో ఎక్కాల్సి వస్తుందో దిగేటప్పుడూ అదే గేరు వేసి ఇంజిన్‌తోనే ఆపుకుంటూ రావాలి. ఎదురెదురుగా బళ్లొస్తే ఎక్కే బండికే దారివ్వాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు, 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది.

కుంజుమ్‌కు ఇవతల ఒక చోట మమ్మల్ని అరగంట ఆపేశారు. పైన డోజర్ రాళ్లు తోస్తోంది. సరిహద్దు రహదారుల సంస్థ, అదే బీఆర్‌వో. రోడ్డు పక్కన నల్లటి మొహాలతో, తలకు గుడ్డలు చుట్టుకుని పదిమంది కంకర పరుస్తున్నారు. ఝార్ఖండ్‌లోని దుమ్కా నుంచి వచ్చారట. డోజర్ ఆపరేటర్ దిగి టీ తాగుతుంటే మాట్లాడాను. ‘మీరు ఫొటో దిగి వెళ్తారు, మేం మళ్లీ రేపు ఇదే రాయి తీస్తాం’ అన్నాడు హిందీలో, నవ్వుతూ.

ఈ దారిలో ఉద్యోగాలు

అసలు విషయానికొద్దాం. కొండల్లో బండి నడపడాన్ని ఉద్యోగం చేసుకోవాలంటే తలుపులు ఎన్ని?

అన్నింటికంటే స్థిరమైనది బీఆర్‌వోనే. 1960 మే 7న మొదలైన సంస్థ. సరిహద్దుల్లో రోడ్లు, వంతెనలు, సొరంగాలు వీళ్ల పని. మనాలి నుంచి జన్‌స్కార్ వైపు షింకు లా కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి 2024 జులైలో తొలి పేలుడు జరిగింది. సివిల్, మెకానికల్ ఇంజినీర్లకు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా బోర్డర్ రోడ్స్ ఇంజినీరింగ్ సర్వీసులో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌గా చేరే అవకాశం ఉంది. ఈఎస్‌ఈ రాసేవాళ్లు కూడా సర్వీసుల ప్రాధాన్యం నింపేటప్పుడు దీన్ని అడుగున పెడుతుంటారు, చలికి, దూరానికి భయపడి. పదో తరగతి, ఐటీఐ స్థాయిలో డ్రైవర్ మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్, వెహికల్ మెకానిక్, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్, మల్టీ స్కిల్డ్ వర్కర్ పోస్టులకు జనరల్ రిజర్వ్ ఇంజినీర్ ఫోర్స్ నుంచి నోటిఫికేషన్లు వస్తాయి. నియామక కేంద్రం పుణెలో ఉంది. డ్రైవర్ పోస్టుకు హెవీ లైసెన్స్ అడుగుతారు. శారీరక పరీక్షలు, ట్రేడ్ టెస్ట్ ఉంటాయి. అర్హతలు ప్రతిసారీ నోటిఫికేషన్లో చూసుకోండి. మధ్యవర్తికి డబ్బులిచ్చి మోసపోయామని మాకు వచ్చే ఉత్తరాల్లో ఈ సంస్థ పేరు వాడుకున్న దళారుల కథలూ ఉంటున్నాయి.

రెండోది కాన్వాయ్ పని. పర్యాటకులు సొంత బళ్లలో వస్తే ముందు ఒక లీడ్ బండి, చివర ఒక స్వీప్ బండి నిర్వాహకులవి ఉంటాయి. వెనకబడ్డవాళ్లను, చెడిపోయిన బండిని చూసుకునేది స్వీప్. కొత్తవాళ్లు ముందు చేరేది అక్కడే. కాంతి పడేది లీడర్ మీద, గ్రీజు పడేది స్వీప్ మీద అని ఇక్కడో సరదా మాట. నెల జీతం, పీఎఫ్ లాంటివి అరుదు. రోజు లెక్కే. చేరేముందు రెండు విషయాలు నిర్మొహమాటంగా అడగండి: ప్రమాద బీమా ఎవరు కట్టారు? ట్రిప్ మధ్యలో రద్దయితే నా కూలీ ఎంత? మా లీడర్‌కు రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద లేదు.

లైసెన్స్ గురించి చాలామందికి సందేహం. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్స్‌తోనే నడపవచ్చని, విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ లైసెన్స్ వేరు, బండి రిజిస్ట్రేషన్ వేరు. తెల్ల ప్లేటున్న సొంత బండిలో డబ్బులు తీసుకుని జనాన్ని తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఇదే. ఇక శాటిలైట్ ఫోన్. విదేశాల నుంచి అన్నయ్య పంపాడని అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసవుతుంది.

డ్రైవింగ్ ఒక్కటే నమ్ముకోకుండా పక్కన ఇంకో నైపుణ్యం ఉండాలి. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ బేసిక్ కోర్సులు నడుపుతున్నాయి. నెల లోపే పూర్తవుతాయి, ఫీజు ప్రైవేటు కోర్సులతో పోలిస్తే తక్కువ, సీట్లకు మాత్రం నెలల ముందే దరఖాస్తు చేయాలి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల ప్రథమ చికిత్స సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఎక్కడైనా ముందు వరసలో ఉంటారు. నిర్వహణ వైపు ఆసక్తి ఉంటే కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న ఐఐటీటీఎం క్యాంపస్ మన నెల్లూరులోనే ఉంది. బీబీఏ, ఎంబీఏ చదవొచ్చు.

మెకానికల్ వాళ్లకు అంతగా తెలియని దారి ఒకటుంది. వాహన కంపెనీలు కొత్త మోడల్‌ను మార్కెట్లోకి తెచ్చే ముందు ఎత్తైన కనుమల మీద, గడ్డకట్టే చలిలో పరీక్షిస్తాయి. పల్చటి గాలిలో ఇంధనం ఎంత వెళ్లాలి, టర్బో ఎలా పనిచేయాలి, తెల్లవారుజామున మొదటి తాళానికే ఇంజిన్ అందుకుంటుందా లేదా.. ఇవన్నీ అక్కడ సరిచూస్తారు. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చుని కొండలెక్కే ఉద్యోగం. బీటెక్‌లో ఐసీ ఇంజిన్స్ పేపర్‌ను గైడు చూసి గట్టెక్కినవాళ్లకు ఇంటర్వ్యూలో కష్టమే.

కాజాలో

కాజా చేరేసరికి సాయంత్రం నాలుగు. రెండో బండి యజమాని మిగిలిన సొమ్ములో సగమే ఇచ్చాడు. సిగ్నల్ రాగానే రివ్యూ కూడా పెట్టాడు. రెండు చుక్కలు. ‘చంద్రతాల్ చూపించలేదు, లీడర్ అతి జాగ్రత్త’ అని. లీడర్ చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ‘పోనీ అన్నా, ఆయన బండి ఆయన ఇంటికి పోయింది కదా’ అని, చక్రాల నట్లు బిగుసుకుని ఉన్నాయో లేదో చూడటానికి వెళ్లాడు. మరుసటి రోజు పొద్దున తిరుగు ప్రయాణం ఉంది. సగం డబ్బుల లెక్క ఎలా తేలిందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

భీమవరం కుర్రాడికి లోసర్ దాటాక చదును దారిలో స్వీప్ బండి ఇరవై కిలోమీటర్లు ఇచ్చాడు. సీజన్‌కు మాత్రం తీసుకోలేదు. ‘ఆర్నెల్లు ఏదన్న షెడ్డుల పని చేసి రా తమ్మీ. గేర్‌బాక్స్ విప్పి బిగించినప్పుడు ఫోన్ చెయ్’ అన్నాడు. కుర్రాడు ఊరెళ్లి నిజంగానే ఓ డీజిల్ షెడ్డులో చేరాడు. బీటెక్ చదివి గ్రీజు పూసుకోవడమేమిట్రా అని ఇంట్లో అమ్మ రోజూ గొడవట.

ఈ వ్యాసం రాసేముందు అతనికి ఫోన్ చేశాను. జాయినింగ్ లెటర్ పోయిన నెల వచ్చిందట. బెంగళూరు.

‘చేరావా మరి?’ అన్నాను.

‘చేరానండి. జూన్‌లో ఇరవై రోజులు సెలవు ఇస్తారా అని మేనేజర్ గారిని అడిగాను. ఇంకా ఏమీ చెప్పలేదండి’ అన్నాడు.